వంటింటి మరలు – బొమ్మల రంగులరాట్నములు

తిరునాళ్ళకు పోయిన పిల్లవాడు మొట్టమొదట వెదకునది రంగులరాట్నమును. ఆ మాటలోని చివరి సగమును మనము అంతగా గమనింపము. నూలు వడకు సాధనము రాట్నము. నీరు తోడు చక్రమును కూడ మన పెద్దలు రాట్నమనిరి. వేడుకకై మనుష్యులను త్రిప్పు యంత్రమునకు రంగులు జోడించి అదే పేరు పెట్టిరి. ఇంటి చక్రమునకును, సంత చక్రమునకును చుట్టరికము కలదని ఆ మాటయే చెప్పుచున్నది.

ఆ చుట్టరికమును చేతితో తాకి తెలిసికొను మార్గమొకటి కలదు. పాత సామానుల దుకాణములలో గ్రుడ్లు గిలకొట్టు చేతిమర, కాఫీగింజలు విసరు మర, కూరలు తరుగు మర మొదలగునవి కొద్ది వెలకే దొరకును. వీనిని మరల అమర్చి, బొమ్మలు ఎక్కి తిరుగదగిన చిన్న రాట్నములు చేయుట కొందరికి ప్రియమైన కాలక్షేపము. పైకి ఇది పిల్లల ఆటగా కన్పట్టును. కాని ఆ మరలోనికి పండ్ల చక్రములు ఎట్లు వచ్చినవి, తిరునాళ్ళ యంత్రములు ఎట్లు పెరిగినవి అని విచారించినచో, రెండు చరిత్రలును ఒకే చిక్కు చుట్టు తిరిగినట్లు తెలియును. చేతికి గాని, ఆవిరియంత్రమునకు గాని గల వేగము ఒకటి. మనకు కావలసిన వేగము వేఱొకటి. ఒకదానిని రెండవదానిగా మార్చుట ఎట్లు? ఇదియే ఆ చిక్కు.

కవ్వము, తిరగలి

మన వంటింటిలో మిక్కిలి ప్రాచీనమైన భ్రమణ యంత్రము కవ్వము. కవ్వపు కఱ్ఱకు తాడు రెండు మూడు చుట్లు చుట్టి, రెండు కొనలను మార్చి మార్చి లాగుదుము. తాడు సూటిగా కదలును. కఱ్ఱ గుండ్రముగా తిరుగును. సూటి చలనము భ్రమణముగా మారినది. కాని ఇందొక లోపము కలదు. కవ్వము ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు తిరుగును. వెన్న తీయుటకు అది చాలును. కవ్వముపై పళ్ళెము నమర్చి బొమ్మల నెక్కించినచో మాత్రము అవి ముందుకు పోయి, ఆగి, వెనుకకు వచ్చును. నేడు మన యిండ్లలో తాడు లాగి ఉల్లిపాయలు తరుగు ప్లాస్టిక్ మర యొకటి వాడుకలో నున్నది. అందు తాడును లాగినపుడు ఇరుసు తిరుగును. వదలినపుడు లోపలి స్ప్రింగు తాడును వెనుకకు చుట్టుకొనును. కవ్వమున రెండవ చేయి చేయు పనిని ఇచట స్ప్రింగు చేయుచున్నది.

తిరగలి మాట వేఱు. పైరాతి అంచుకు దగ్గరగా ఒక కఱ్ఱపిడి నాటియుండును. పిడి రాతి నడుమ లేదు, ప్రక్కన నున్నది. అందువలననే చేయి ఆగకుండ ఒకే వైపునకు త్రిప్పగలుగుచున్నది. కేంద్రమునకు ఎడముగా నుండు ఈ పిడియే ఇంగ్లీషున క్రాంక్ అనబడు సాధనమునకు మూలరూపము. చైనాదేశమున హాన్ వంశపు రాజుల కాలమునాటి సమాధులలో ధాన్యము తూర్పారబట్టు మరల మట్టి నమూనాలు దొరకినవి. వానియందు చేతితో త్రిప్పు క్రాంక్ పిడి కలదు. హాన్ వంశము సామాన్య శకము 220లో అంతరించినది గనుక ఆ సాధనము అంతకు ముందుదే. అసలు మరలు కొయ్యవగుటచే నశించినవి. వాని సంగతిని మనకు చెప్పినవి ఆ చిన్న మట్టి బొమ్మలే. యంత్రములకు బొమ్మలు చేయుట వట్టి ఆట కాదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు.

మనుష్యులు త్రోసిన చక్రములు

ఇక తిరునాళ్ళ వైపు చూతము. పీటర్ మండీ యను ఆంగ్ల యాత్రికుడు 1620లో కాన్‌స్టాంటినోపుల్ నుండి స్వదేశమునకు మరలిపోవుచు, నాడు తురుష్కుల యేలుబడిలో నుండిన ఫిలిప్పోపొలిస్ నగరమును చూచెను. అది నేటి బల్గేరియాలోని ప్లోవ్‌దివ్. అచట పండుగనాళ్ళలో ప్రజలు ఎక్కి తిరుగు ఉయ్యాలలను, అడ్డముగా తిరుగు చక్రమును, నిలువుగా తిరుగు పెద్ద చక్రమును అతడు వర్ణించి, బొమ్మలు కూడ గీచెను. అతనికి 5 సంవత్సరములు ముందు, 1615లో, ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే కాన్‌స్టాంటినోపుల్‌లో అట్టి చక్రము నెక్కి తిరిగెను. ఆ చక్రములను త్రిప్పినవి మనుష్యుల చేతులే.

గుఱ్ఱముల రాట్నము కథ యుద్ధవిద్యతో ముడిపడియున్నది. ఐరోపాలో రౌతులు గుఱ్ఱములపై పరుగెత్తుచు, వ్రేలాడుచున్న ఉంగరమును ఈటెతో ఎత్తు క్రీడను అభ్యసించెడివారు. 1662లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ పారిస్ నగరమున అట్టి అశ్వక్రీడల మహోత్సవమును జరిపించెను. దాని పేరు కారుసెల్. అభ్యాసము కొఱకు కొయ్యగుఱ్ఱములను దూలములకు తగిలించి సేవకులచే త్రిప్పించుట వాడుకైనది. పిమ్మట అదియే వినోద యంత్రమైనది. పేరు మాత్రము మారలేదు. ఒకరు సుఖముగా కూర్చుండగా మఱియొకరు వంగి త్రోయవలసిన యంత్రమది. అచట పిల్లలను పనికి పెట్టుటయు కలదు.

ఈ చాకిరిని తగ్గించినది ఆవిరి. 1861లో ఇంగ్లండున థామస్ బ్రాడ్‌షా ఆవిరితో నడుచు రాట్నమును ప్రదర్శించెను. కింగ్స్ లిన్ పట్టణమున వ్యవసాయ యంత్రములు చేయుచుండిన ఫ్రెడరిక్ సావేజ్ ఈ కళను పెంపొందించెను. రాట్నము నడుమ ఆవిరియంత్రము నిలిపి, దాని చలనమును వాలు పండ్ల చక్రముల మూలమున పైనున్న కప్పుకు అందించిరి. 1880ల దశకమున గుఱ్ఱములు వ్రేలాడు ఇరుసులను క్రాంకులవలె వంచిరి. కప్పు తిరుగుచుండగా ఆ వంపు ఇరుసులు కూడ తమ చుట్టు తాము తిరుగును. గుఱ్ఱము పైకి లేచి, క్రిందికి దిగి, దౌడు తీయుచున్నట్లుండును. తిరగలి పిడి కొయ్యగుఱ్ఱమునకు ప్రాణము పోసినది.

వంటింటిలోనికి పండ్ల చక్రము

ఇదే కాలమున అమెరికా వంటిండ్లలో చిన్న మరలు పుట్టుచుండెను. 1803లో మోజెస్ కోట్స్ అను నతడు ఆపిలుపండ్ల తొక్క తీయు మరకు పేటెంటు పొందెను. 1856లో బాల్టిమోర్ నగరమున రాల్ఫ్ కాలియర్ గ్రుడ్లు గిలకొట్టు తిరుగుడు మరకు పేటెంటు పొందెను. 1870లో టర్నర్ విలియమ్స్ పొందిన పేటెంటు మఱింత ప్రసిద్ధమైనది. ఆ మర డోవర్ అను పేర అమ్మబడి, అమెరికా వంట పుస్తకములలో ఆ జాతి మరలన్నిటికి డోవర్ అనియే పేరు నిలిచినది.

దాని నిర్మాణమును గమనింపుడు. క్రాంక్ పిడి గల పెద్ద పండ్ల చక్రము నిలువుగా నుండును. దాని కిరుప్రక్కల రెండు చిన్న పండ్ల చక్రములు అడ్డముగా నుండి దానితో కలియును. ఒక్కొక్క చిన్న చక్రమునకు ఒక తీగల బుట్ట తగిలియుండును. పెద్ద చక్రమునకు 60 పండ్లు, చిన్నదానికి 12 పండ్లు ఉన్నవనుకొందము. పిడిని ఒక చుట్టు త్రిప్పినచో బుట్టలు 5 చుట్లు తిరుగును. అవియు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. నిలువు భ్రమణము అడ్డ భ్రమణముగా మారినది, వేగము ఐదింతలైనది. కాని ఉచితముగా ఏదియు రాదు. వేగము ఐదింతలైనచో బుట్టను త్రిప్పు శక్తి, అనగా మెలిబలము, రాపిడి లెక్కింపకున్నను ఐదవ వంతే అగును. గ్రుడ్డు సొన పలుచనిది గనుక ఆ కొంచెము బలము చాలును. గట్టి పిండిని కలుపబోయినచో మర ఆగిపోవుట అందుకే.

చికాగో మహాచక్రము

వంటింటి మర నెమ్మదియైన చేతిని వేగమైన బుట్టగా మార్చినది. 1893లో చికాగో నగరపు మహాప్రదర్శనమున జార్జి ఫెర్రిస్ అను ఇంజనీరు దీనికి సరిగా వెనుదిరిగిన సమస్యను పరిష్కరింపవలసి వచ్చెను. నాలుగేండ్ల ముందు పారిస్‌లో లేచిన ఈఫెల్ గోపురమునకు దీటైన వింత కావలెనని నిర్వాహకులు కోరిరి. ఫెర్రిస్ వంతెనల ఉక్కును పరీక్షించు పనిలో ఆరితేరినవాడు. అతడు 250 అడుగుల వ్యాసము గల చక్రమును నిలిపెను. భూమినుండి దాని శిఖరము 264 అడుగుల ఎత్తు. దానికి 36 గదులు. ఒక్కొక్క గదిలో 60 మంది పట్టుదురు. అనగా ఒకేమారు 2,160 మంది ఎక్కవచ్చును. సైకిలు చక్రమునందువలె సన్నని ఉక్కు కడ్డీలు అంచును బిగించి పట్టియుండెను.

ఆ సంవత్సరము జూన్ 21న చక్రము ప్రజలకు తెరువబడెను. టికెట్టు 50 సెంట్లు. ఆగకుండ తిరిగిన చుట్టు ఒకటికి 9 నిమిషములు పట్టెడిది. అంచు చుట్టుకొలత సుమారు 785 అడుగులు గనుక అంచు వేగము నిమిషమునకు 87 అడుగులు, గంటకు ఒక మైలు మాత్రమే. అడుగులో అడుగు వేసికొని నడుచు ముసలివాని నడక అది. త్రిప్పునవి 1,000 అశ్వశక్తి గల ఆవిరియంత్రములు. ఇంత బలమును ఇంత నెమ్మదిగా వినియోగించుట ఎట్లు? ఫెర్రిస్ ఇరుసును పట్టి త్రిప్పలేదు. చక్రపు అంచునకు పండ్లు అమర్చి, ఆ పండ్లను గొలుసుతో లాగించెను. తిరగలి పిడిని నడుమ గాక అంచున నాటుటయు ఇందుకే గదా! కేంద్రమునుండి దూరము పెరిగిన కొలది తక్కువ బలము చాలును. 2000 సంవత్సరమున లండనులో తెరచిన 135 మీటర్ల లండన్ ఐ చక్రమును కూడ అంచుననే పట్టి త్రిప్పుచున్నారు.

ఫెర్రిస్ జీవితము సుఖాంతము కాలేదు. లక్షలకొలది జనులు తన చక్రము నెక్కినను, లాభముల విషయమై అతడు వ్యాజ్యములలో చిక్కుకొనెను. 1896లో, 37వ ఏట, జ్వరముతో మరణించెను. చక్రము సెయింట్ లూయిస్ నగరమునకు తరలి, 1904 ప్రదర్శనమున మరల తిరిగి, 1906లో మందుగుండుతో కూల్చివేయబడెను. వియన్నాలో 1897లో నిలిపిన 65 మీటర్ల చక్రము నేటికిని తిరుగుచున్నది. కాని దాని చరిత్రయు కన్నీటితో తడిసినదే. దాని యజమాని ఎడువార్డ్ స్టైనర్ యూదుడు. 1938లో నాజీలు చక్రమును లాగుకొనిరి. 1944లో ఆష్‌విట్జ్ శిబిరమున అతనిని చంపిరి. ఆ సంవత్సరముననే చక్రము కాలిపోయెను. యుద్ధానంతరము 30 గదులకు మారుగా 15 గదులతో దానిని పునరుద్ధరించిరి.

చిన్న రాట్నముల కథ

పెద్ద చక్రములు పుట్టిన వెంటనే బొమ్మలవాండ్రు వానిని చిన్నవి చేసిరి. జర్మనీలోని న్యూరెంబర్గు తగరపు బొమ్మలకు పేరొందిన నగరము. అచట 1898లో స్థాపితమైన డాల్ సంస్థ, బొమ్మ ఆవిరియంత్రముతో నడుచు జయంట్ వీలులను, గుఱ్ఱముల రాట్నములను తయారుచేసెను. యూదుల భాగస్వామ్యము గల ఆ సంస్థయు 1938లోనే చేతులు మారవలసి వచ్చెను. ఇంగ్లండున లివర్‌పూల్ వాసి ఫ్రాంక్ హార్న్‌బీ తన కొడుకుల కొఱకు రేకును కత్తిరించి, రంధ్రములు చేసి, మరమేకులతో బిగింపదగిన ముక్కలను చేసెను. 1901లో దానికి పేటెంటు లభించెను. 1907 నుండి అవి మెక్కానో అను పేర ప్రపంచమంతట ప్రసిద్ధములైనవి. పిల్లవాడు కొన్న బొమ్మతో ఆడుకొనుటకు మారుగా, తానే యంత్రమును కట్టవచ్చునని హార్న్‌బీ చూపెను. మెక్కానో పెట్టెను కొనలేని ఇంటిలో పాత చేతిమరయే ఆ పని చేయగలదు.

ఆ మరలు పాతసామాను ఎట్లైనవి? అమెరికాలో 1919లో ఇండ్లకు తగిన విద్యుత్ కలపుడు యంత్రము అమ్మకమునకు వచ్చెను. 1930 తరువాత అట్టివి చౌకైనవి. మన యిండ్లలో మిక్సీ వచ్చి రోలును, కవ్వమును మూలకు నెట్టినట్లే, అచట చేతిమర సొరుగు అడుగునకు పోయెను. పని సులువైనది, వంటచేయువారికి మేలైనది, దానిని కాదనరాదు. కాని చేతిమరలో పండ్ల చక్రములు కంటికి కనబడెడివి. మిక్సీలో అంతయు మూతక్రింద దాగినది. మీట నొక్కినచో తిరుగునని తప్ప, ఎందుకు తిరుగునో పిల్లవానికి తెలియు దారి మూసికొనిపోయినది.

మనము చేసి చూతము

ఇపుడు గ్రుడ్లు గిలకొట్టు చేతిమరను తలక్రిందులు చేసి బల్లకు గట్టిగా బిగింపుడు. ఒక తీగల బుట్టపై, 10 సెంటీమీటర్లకు కొంచెము మించిన వ్యాసార్ధము గల దళసరి అట్టను కట్టుడు. రెండవ బుట్టకు తగులకుండ కొంచెము ఎత్తున నుండవలెను. కేంద్రమునకు 10 సెంటీమీటర్ల దూరమున చిన్న బొమ్మలను కూర్చుండబెట్టుడు. సెకనుకు ఒక చుట్టు చొప్పున పిడిని త్రిప్పినచో అట్ట 5 చుట్లు తిరుగును. బొమ్మలు మూలమూలలకు ఎగిరిపోవును!

ఏల? బొమ్మను వృత్తముననే నిలుపుటకు దాని బరువునకు సుమారు 10 రెట్లు బలము లోపలి వైపునకు కావలెను. అట్టకును, బొమ్మకును గల రాపిడి అంత బలము నీయలేదు. పిడిని 5 సెకనులకు ఒకమారు త్రిప్పినచో అట్ట సెకనుకు ఒకే చుట్టు తిరుగును; అపుడు కావలసిన బలము బరువులో 0.4 వంతు మాత్రమే. వేగము ఐదవ వంతైనచో బలము ఇరువదియైదవ వంతైనది. వేగపు వర్గమును బట్టి బలము మారునను సూత్రము నల్లబల్లపై గాక బల్లమీద కనబడినది.

జయంట్ వీలు కావలెనన్నచో మరను తిన్నగానే నిలిపి, పిడి గల పెద్ద చక్రపు ముఖమునకు అట్టచక్రమును అంటింపుడు. పిడిని వదలి, తీగల బుట్టను వ్రేళ్ళతో త్రిప్పుడు. బుట్ట 5 చుట్లు తిరిగిన గాని పెద్ద చక్రము ఒక చుట్టు తిరుగదు. వేగము తగ్గినది, బలము పెరిగినది. వేగమైన యంత్రమునుండి నెమ్మదియైన చక్రమును పొందుటకు ఫెర్రిస్ చేసినదియు ఇదియే. తొట్టెలను మాత్రము చక్రమునకు అంటింపరాదు. సన్నని తీగపై వ్రేలాడనీయవలెను. లేనిచో శిఖరమున బొమ్మ తలక్రిందులగును.

అట్ట అంచునుండి దారములతో చిన్న కుర్చీలు వ్రేలాడదీసినచో ఉయ్యాల రాట్నమగును. ఒక కుర్చీలో ఇనుప మేకు, ఒకదానిలో చింతగింజ ఉంచుడు. త్రిప్పకముందే విద్యార్థుల నడుగుడు: ఏది ఎక్కువ వంగును? బరువైనదని కొందరు, తేలికదని కొందరు చెప్పుదురు. దారములు సమానమైనచో రెండును ఇంచుమించు ఒకే కోణమున వంగును. బయటికి లాగుటయు, క్రిందికి లాగుటయు రెండును ద్రవ్యరాశిని బట్టియే యుండుటచే అది లెక్కలోనుండి తొలగిపోవును. మిక్కిలి తేలికయైన కుర్చీని గాలి కొంచెము వెనుకకు నెట్టవచ్చును, అదియు గమనింపదగినదే.

జాగ్రత్తలు కొన్ని అవసరము. కూరలు తరుగు మరయైనచో బ్లేడులను ఉపాధ్యాయులే ముందుగా తీసివేయవలెను. పండ్ల చక్రముల నడుమ వ్రేళ్ళు పడకుండ చూడవలెను. విద్యుత్తుతో నడుచు మరను విప్పుట ఈ పనికి తగదు. చేతితో త్రిప్పునదియే కావలెను. ఎంత బలము కావలెనో చేతికే తెలియును గనుక.

వచ్చు సెలవులలో విద్యార్థులను తమ ఇండ్ల అటుకలపై మూలబడిన చేతిమరను ఒక్కొక్కటి వెదకి తెమ్మనుడు. విప్పకముందు పండ్లు లెక్కపెట్టించుడు; ఎన్ని చుట్లకు ఎన్ని చుట్లో వ్రాయించి, పిమ్మట త్రిప్పించి సరిచూపుడు. చేతిమర దొరకని ఇంటిలో కవ్వమో, తిరగలియో ఉండకపోదు. అవ్వను అడిగినచో అది ఏ చేతితో, ఏ వైపునకు త్రిప్పవలెనో ఆమెయే చూపును.